పోలెంగ్ చదువు

"బయటికి," అంది సుకెర్తి వేలు చూపిస్తూ.

బంతిమడి మధ్యలో నిలబడ్డ పోలెంగ్ ఆమెను చూసి తోక ఊపింది. బుద్ధిగా నడిచి గట్టుమీదికొచ్చి కూర్చుంది.

"చూశావా తాతా? ఒక్కమాటకే వచ్చేసింది," అంటూ సుకెర్తి బుట్టలోంచి అప్పడం ముక్క తీసి దాని నోట్లో పెట్టింది. పొద్దున్నే గుడిలో నైవేద్యం పెట్టి తెచ్చిన అప్పడం అది. వీధిలో పుట్టిన ప్రాణికి దేవుడి ప్రసాదం తినిపిస్తే గుణం మారుతుందని ఆమె నమ్మకం. ఆమె చేరదీసిన పదకొండు కుక్కల్లో ఆ భాగ్యం పోలెంగ్ ఒక్కదానికే.

మడి యజమాని రెంతెబ్ తాత విరిగిన మొక్కకి పుల్ల కట్టాడు. "రావడం బాగానే ఉందమ్మాయ్. వెళ్ళడం సంగతేంటి?"

"అదీ నేర్పుతాను. మొన్నటిదాకా చెత్తకుప్ప మీద బతికింది. బళ్ళో వేసిన మొదటిరోజే ఎక్కాలు అప్పజెబుతుందా?"

"ఇవాళ పన్నెండో రోజు."

పోలెంగ్ మూతి నాక్కుని మళ్ళీ మడిలోకి దిగింది.

గలుంగన్ పండగకి ఆ వాడ గుళ్ళన్నిటికీ ఈ మడి పూలే. తాత ఫిర్యాదు మీద, బంజార్ అనే వాడ సంఘానికి పెద్ద దర్సనా పౌర్ణమి నాడు స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. అప్పటికీ కుక్క దారికి రాకపోతే కొండమీది కుక్కల షెడ్డుకి పంపేయాలని సంఘం తీర్మానం. ఆ చలికి దానిలాంటి వయసైన కుక్కలు నిలవవు. పోలెంగ్‌ని సుకెర్తి గంజి తాగించి, రాత్రీ పగలూ ఒళ్ళో పెట్టుకుని బతికించుకుంది. దాన్ని బండెక్కించడం తలుచుకుంటేనే ఏడుపొచ్చింది.

తాత కూడా ఊరుకోలేదు. మడిచుట్టూ నీళ్ళసీసాలు నిలబెట్టాడు. వెదురుముళ్ళు పాతాడు. మిరపపొడి చల్లాడు. పోలెంగ్ తుమ్ముతూ లోపలికి వెళ్ళేది, సుకెర్తి పిలవగానే తుమ్ముతూనే బయటికొచ్చి అప్పడం తినేది.

ఇంతలో పుట్టింటివాళ్ళ గుడి ఉత్సవం వచ్చిపడింది. కుక్కలకి అన్నం పెట్టే పని పక్కింటివాళ్ళకి ఒప్పజెప్పి, దారిపొడుగునా దణ్ణాలు పెట్టుకుంటూ వెళ్ళింది సుకెర్తి. మూడు రోజులు అక్కడ ఆమెకి ముద్ద దిగలేదు.

పౌర్ణమి పొద్దున తిరిగొచ్చి బుట్ట పట్టుకుని గేటు తీసిందో లేదో, పోలెంగ్ ఆమెకంటే ముందు పరిగెత్తి మడిలో నిలబడింది.

"అమ్మాయ్, నీకొక మాట చెప్పాలి," అన్నాడు తాత.

"తెలుసు తాతా, చూస్తూనే ఉన్నాగా. బయటికి. రా నా తల్లీ, ఇదుగో అప్పడం."

"నే చెప్పేది వినవే..."

"తిట్లన్నీ తర్వాత తింటాను. పెద్దాయన వస్తున్నారు, ఊరుకో."

దర్సనా తలపాగా సర్దుకుంటూ వచ్చి గట్టుమీద నిలబడ్డాడు. పోలెంగ్ ఆయన్ని చూసింది. సుకెర్తిని చూసింది. ఆయన కాళ్ళ పక్కనుంచే మడిలోకి నడిచింది.

"బయటికి," అంది సుకెర్తి సన్నగా. కుక్క వెంటనే వచ్చి కూర్చుంది.

"పిలిస్తే వస్తోంది, కాదనను," అన్నాడు దర్సనా. "నాక్కావలసింది అసలు వెళ్ళకపోవడం. పండగ పదిరోజుల్లో ఉందమ్మా. సాయంత్రం బండి పంపిస్తాను."

సుకెర్తి మట్టిలో కూలబడి పోలెంగ్ మెడ కావలించుకుంది. బుట్టలో మిగిలిన అప్పడాలన్నీ దానిముందు పోసి వెక్కి వెక్కి ఏడ్చింది.

దర్సనాకీ మనసు చివుక్కుమంది. ఆమెవైపు చూడలేక తాతవైపు తిరిగాడు. "రెంతెబ్, నీ ఫిర్యాదు తీరినట్టేగా? ఇంకేమైనా చెప్పేదుంటే చెప్పు."

పొద్దుట్నించీ సుకెర్తి నోరు విప్పనివ్వని తాత గొంతు సవరించుకున్నాడు.

"ఈ అమ్మాయి ఊళ్ళో లేని మూడు రోజులూ ఇది నా మడిలో అడుగే పెట్టలేదండీ."