అంచు ముడి

ఆదిశేషమ్మ వేసిన ముడి జారిపోయింది.

"అట్టా కాదు," అన్నాడు పెంచలనరసయ్య.

ఎనిమిది నెలల తర్వాత అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

కొడుకు నాగేంద్రబాబు కలిగిరి రోడ్డులో మోటార్ సైకిల్ మీద వస్తూ లారీ కింద పడ్డాడు. శవం ఇంటికి వచ్చిన రోజు కూడా తండ్రి ఏడవలేదు. వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇక అక్కడే ఉండిపోయాడు. కంచం పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. ఆత్మకూరు డాక్టరు మాత్రలిస్తే మింగాడు. పుట్టి, అదే బుట్టలాంటి గుండ్రటి పడవ, అల్లడానికని అతను ఉదయగిరి నుంచి తెచ్చిన వెదురు వాకిట్లో ఎండకు ఎండింది, వానకు తడిసింది.

ఆదిశేషమ్మ కూడా ఏడవలేదు. వండింది, అంట్లు తోమింది.

సోమశిల జలాశయంలో చేపలు పట్టే జనార్దనయ్య పుట్టి కావాలంటూ వచ్చాడు. ఆ ఊరు వచ్చి అతనికి రెండేళ్లే. గోడ దగ్గరి మనిషిని చూసి వెనక్కి తిరగబోయాడు.

"నేను అల్లిస్తా," అంది ఆదిశేషమ్మ.

"నువ్వా అత్తా?"

ఆమె బద్దలు చీల్చి నానబెట్టింది. అడుగు అల్లింది. అంచు కట్టే దగ్గర, మొగుడు చూస్తుండగా, తాడు జారింది.

ఆ రోజు అతను లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"కింద నించి తియ్యి. రెండు చుట్లు తిప్పి బిగించాల."

మర్నాడు మళ్లీ జారింది.

"ఎన్ని చుట్లయ్యా?"

"రెండని నిన్న చెప్పలేదా?"

అలా రోజూ జారింది. రోజూ అతను లేచి వచ్చాడు. నాలుగు రోజుల పని నెల దాటింది. జనార్దనయ్యకు విసుగొచ్చింది.

"ఏంది అత్తా ఇది? చేత కాకపోతే చెప్పు, ఫైబర్ పడవ కొనుక్కుంటా."

"నేర్చుకుంటా ఉండాది గదరా! ఆగలేవా?" అని అరిచాడు పెంచలనరసయ్య.

తర్వాత తాడు అందుకుని లాగుతూ, "బాబు ఎడమ చేత్తో బిగించేవాడు," అన్నాడు. చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి భుజాలు కదిలాయి. ఆదిశేషమ్మ దగ్గరకు జరిగింది. ఇద్దరూ పుట్టి అంచు పట్టుకుని ఏడ్చారు.

ఆ వారమే అంచు పూర్తయింది. తారు పూశారు. ఆరాక నీళ్లలోకి దించారు. జనార్దనయ్య తెడ్డు వేసి ఒక చుట్టు తిరిగి వచ్చాడు. చుక్క నీరు రాలేదు. ముళ్లన్నీ తడిమి చూశాడు.

"ఇంత గట్టి ముడి ఈ చుట్టుపక్కల ఎవరికీ రాదు మామా. నీకెవరు నేర్పినారు?"

గట్టు మీద కూర్చుని కిరసనాయిలుతో చేతుల తారు తుడుచుకుంటున్న ఆదిశేషమ్మ వైపు చూసి, "పెళ్లయిన కొత్తల్లో ఆమే నేర్పింది," అన్నాడు పెంచలనరసయ్య.