కాశీలో వదిలిన శనగలు

మా ఊళ్లో పుండ్లకు ఇప్పుడు అందరూ శనగ పొరే వేయించుకుంటారు. శనగల్లోని మాంసకృత్తులతో చేసిన ఆ పల్చటి పొర కొన్నాళ్లకు చర్మంలో కలిసిపోతుంది. పాత కట్లు ఎక్కడా దొరకడం లేదు.

మా నాయనమ్మకు షుగరు. పుండు మానకపోతే పాదం తీసేయాలన్నారు. నర్సు సుభాషిణక్క పొర తెచ్చేసరికి నాయనమ్మ కాలు వెనక్కి లాక్కుంది.

“శనగలు కాశీలో వదిలేశానమ్మా. మా ఆయనకిష్టమని, ఆయన అస్థికలు గంగలో కలిపిన రోజే వదిలా.”

“తినమనడం లేదు మామ్మా, అతికిస్తానంటున్నా.”

“ఒంట్లో కలిసిపోద్దంటివి గదా. అది తిన్నట్టు గాదా?”

“మళ్లీ కాశీ తీసుకుపోతాలేమ్మా, ఈసారి వంకాయ వదులుదువుగాని,” అని నాన్న బతిమాలాడు.

“ఆయనకని వదిలింది నా కాలి కోసం వెనక్కి తీసుకోనా?”

నాకు నడిచే నాయనమ్మ కావాలని చెప్పాలనుకున్నాను.

నిన్న ఆమెను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాం. సాయంత్రం ఎప్పటిలాగే కాళ్లు పట్టడానికి కూర్చుని, రెండు పాదాలకు సరిపడా నూనె చేతిలో వంపుకున్నాను.

నాయనమ్మ నా చేతి వైపు చూసింది.

“మిగిలింది నీ తలకు రాసుకోమ్మా,” అంది.