మిగతా ప్రశ్నలు

"ఇవాళ్టికి ఇక చాలమ్మాయ్. తల తిరుగుతోంది. మిగతావి రేపు అడుగు," అంది ఆపరేటరమ్మ.

తల తిరగడమూ లేదు, ఏమీ లేదు. సర్వే పిల్ల పెన్నుకు మూత పెట్టబోవడం చూసి కంగారుపడింది, అంతే. ముప్పావు గంట నుంచి ఆ గదిలో రెండో గొంతు వినిపిస్తోంది. ఆ గొంతు కాస్తా వెళ్ళిపోతే మళ్ళీ ఫ్రిజ్ మోత వింటూ కూర్చోవాల్సిందే.

సర్వే పిల్ల చేతిలో కాగితాల వంక చూసింది. తర్వాత ఆవిడ వంక చూసింది.

"సరేనండీ. మిగతావి రేపు," అంది.

తలుపు వేసుకుని ఆపరేటరమ్మ తనలో తనే నవ్వుకుంది. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊళ్ళకీ ఊళ్ళకీ ట్రంకు కాల్స్ కలిపిన మనిషి. తెగిపోబోయే లైనును ఎలా నిలబెట్టాలో ఆవిడకు ఇంకొకరు నేర్పాలా?

దేశంలో ఏ వైపు వాళ్ళు ఎంత బాగా బతుకుతున్నారో పోల్చి చూసే సర్వే అది. నీళ్ళు రోజూ వస్తాయా, బస్సు ఎంత దూరంలో ఆగుతుంది, ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది, అన్నీ అడిగింది. నిన్న ఎంతమందితో మాట్లాడారు అని కూడా అడిగింది. దానికి మాత్రం ఆవిడ చాలాసేపు ఆలోచించింది.

"కూరగాయల కొట్టతను 'సంచీ ఉందా' అన్నాడు. 'ఉంది' అన్నాను. అది లెక్కలోకి వస్తుందా?"

"వస్తుందండీ," అని పిల్ల ఒకటి వేసుకుంది.

మర్నాడు సరిగ్గా పదింటికి వచ్చింది. ఆపరేటరమ్మ అప్పటికే రెండుసార్లు కాఫీ వెచ్చబెట్టింది.

"మీ వంటింటి కిటికీ ఎటువైపుందండీ?"

"తూర్పే అనుకుంటా. దేనికైనా మంచిది, రేపు పొద్దున్న ఎండ చూసి చెప్తాను."

"అలాగే. జ్వరం వస్తే ఏం చేస్తారు?"

"తగ్గేదాకా పడుకుంటాను."

"ఎవరికీ చెప్పరా?"

"చెప్తే తొందరగా తగ్గుతుందా ఏంటి?"

పిల్ల ఆ జవాబు రాసుకోవడం మరిచిపోయింది. పోనీలే, గుర్తుచేస్తే ఒక ప్రశ్న తగ్గిపోతుందని ఆవిడా ఊరుకుంది. ఆరోజు సాయంత్రం రెండు కప్పులు కడిగింది. రెండోదాన్ని ఎంతసేపు కడిగిందో ఆవిడకే తెలియదు.

నాలుగోరోజుకు 'అమ్మగారు' కాస్తా 'పెద్దమ్మగారు' అయింది.

"ఇన్ని వైపులు తిరిగావు కదా, ఎక్కడ బాగుందే?"

"లెక్కలు ఆఫీసువాళ్ళు వేస్తారండీ. అడగడం వరకే మా పని."

"ఆఫీసు సంగతి నాకెందుకు? నీకేమనిపించిందో చెప్పు."

"ఉత్తరం వైపు ఒక ఊళ్ళో నీళ్ళకి రెండు మైళ్ళు నడుస్తున్నారు. మీ బతుక్కి పదికి ఎన్ని మార్కులేస్తారంటే, నవ్వుతూ తొమ్మిది వేశారు. రాజధానిలో ఒకాయనది మూడు బాత్రూముల ఇల్లు. మూడు వేశాడు. ఎందుకండీ అంటే, టైము లేదు, తర్వాతి ప్రశ్న అడుగు అన్నాడు."

"బాత్రూముకొకటి వేసినట్టున్నాడు," అంది ఆపరేటరమ్మ. ఇద్దరూ కళ్ళు తుడుచుకునేంత నవ్వారు.

"నేను ఏ ఊరూ చూడలేదు కానీ, అన్ని వైపులవాళ్ళనీ విన్నానమ్మాయ్," అందావిడ ఊపు మీదుండి. "తీరం వైపువాళ్ళకు గాలి హోరు అలవాటేమో, ఫోన్లో కూడా కేకలే. రాజధానివాళ్ళు 'ఉంటాను' అని కూడా అనకుండా పెట్టేస్తారు. ఇక కొండల వైపువాళ్ళు! మూడు నిమిషాల కాల్లో రెండు నిమిషాలు ఉత్త ఊపిరే. లైను తెగిందేమో అని నాకు భయం."

"మేమంతేనండీ," అంది పిల్ల.

"ఓహో, మీది కొండల వైపా? ఇంట్లో ఎవరెవరుంటారు?"

"ప్రశ్నలు అడిగేది నేనండీ," అని పిల్ల కాగితాలు సర్దుకుంది.

రోజులు గడిచేకొద్దీ ఆవిడకు గుబులు మొదలైంది. ఎంత సాగదీసినా ప్రశ్నలు ఎప్పుడో ఒకప్పుడు అయిపోవా? అయిపోయాక ఈ మూడంతస్తులు ఎక్కి రావడానికి ఆ పిల్లకేం పని? అందుకే ఒక్కో జవాబునూ సగం చెప్పి, సగం దాచింది. ఇరుగుపొరుగు గురించి అడిగితే గుర్తుచేసుకుని చెప్తానంది. ఏ పాటలు ఇష్టం అంటే ఆ ఒక్కదానికే రెండు రోజులు పట్టించింది.

తొమ్మిదో రోజు పదిన్నరైనా పిల్ల రాలేదు. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. అప్పుడు ఫోన్ మోగింది. అది మోగి ఎన్నాళ్ళయిందో, మొదట పక్కింట్లో అనుకుంది.

"సర్వే ఆఫీసు నుంచి సూపర్‌వైజర్ని మాట్లాడుతున్నానండీ. మీ ఫారం ఒకసారి సరిచూసుకుందామని. మా అమ్మాయి మీ ఇంటికి వచ్చిందాండీ?"

ఆవిడ రిసీవరును రెండు చేతులా పట్టుకుంది. పిల్ల ఉద్యోగానికి ఎసరు పెట్టానన్నమాట!

"రోజూ వస్తోంది బాబూ. ఆలస్యానికి తప్పంతా నాది, ఆ పిల్లనేమీ అనకండి. ఒంటరిదాన్ని. జవాబులన్నీ చెప్పేస్తే మళ్ళీ రాదని నేనే అబద్ధాలాడి సాగదీశాను." గుమ్మం వంక ఒకసారి చూసింది. "ఇవాళ ఒక్కరోజు టైమివ్వండి. ఎన్ని ప్రశ్నలున్నా అన్నిటికీ చెప్పి పంపించేస్తాను. ఇక రానక్కర్లేదు."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు. ఇటు తలుపు దబదబా తట్టారు.

"పెద్దమ్మగారూ! బస్సు లేటయిందండీ. ఇవాళ ఇంకా చాలా ప్రశ్నలున్నాయి, తలుపు తీయండి!"

"ఏ ప్రశ్నలమ్మా?" అన్నాడు సూపర్‌వైజరు. "ఉన్నవి పన్నెండే, మీరు మొదటిరోజే అన్నీ చెప్పేశారు, ఆ అమ్మాయి ఫారం నాకిచ్చి, సొంతూరు వెళ్ళొస్తానని ఆ మర్నాటి నుంచే సెలవు పెట్టి వెళ్ళిపోయిందే!"