నిమ్మచెట్టు మీది రెండో పిట్ట

“పిట్టలకు పెట్టడానికి నా టిఫిను పళ్లెమే దొరికిందా?” అని మా ఆయన పొద్దున్నే గొడవకు దిగారు.

“సొట్టపడిందని మీరే పక్కన పడేశారుగా!” అన్నాను.

వీధులన్నిటా మరపిట్టలు కూస్తున్న ఈ రోజుల్లో, మా పెరటి నిమ్మచెట్టు మీద నిజమైన పిగిలిపిట్ట ఒకటి మిగిలింది. ఒంటరి పిట్ట ఉందని రాసిస్తే, పక్షి కేంద్రం వాళ్లు దాన్ని పట్టుకెళ్లి అడవిలో తన జాతితో కలుపుతారు. మా వార్డు పిట్టల లెక్క రాసేది నేనే. అయినా రాయడానికి చెయ్యి రాలేదు. ఇంతలో పోయిన వారం దానికి జోడీ వచ్చింది.

ఆ జోడీ మీద నాకు మొదటినుంచీ అనుమానమే. వానలో తడిసినా అది రెక్కలు విదిలించుకోదు. దొండపండును పొడుస్తుంది గానీ, ముక్కలన్నీ చెట్టు కిందే రాలి ఉంటాయి. పాపం, మొదటిది ఒక్కతే పుల్లలు మోస్తూ గూడు కట్టుకుంటోంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సూటిగా అడిగాను. “ఆ రెండోది మరపిట్టే. మీరే తెచ్చారు కదూ?”

ఆయన ముద్ద కలుపుతూ వాళ్లమ్మ వైపు చూశారు.

“దీని కళ్లు కప్పలేవని చెప్పానా, లేదా?” అన్నారు అత్తగారు కొడుకుతో.

“అది వెళ్లిపోతే నువ్వు దిగులు పడతావని తెచ్చాను. రెండని రాసెయ్యరాదూ?” అన్నారాయన.

“దిగులు పడితే నేను పడతాను. దానికి పిల్లలు కావాలి. ఒకటనే రాసి పంపాను, రేపు పొద్దున్న వచ్చి తీసుకెళ్తారు,” అన్నాను.