సిలువ కంత

"అమ్మా, ఆ కంత మూసేత్తారా ఏటి?"

పరంజా కింద నిలబడ్డ డోర్కాస్ టీచర్ వెనక్కి తిరిగింది.

కన్నమ్మ. మరోదా బస్తీ ముసలమ్మ. చర్చి మనిషి కాదు, మెడలో తాయెత్తు ఉంటుంది. అయినా రోజూ పొద్దున్నే వస్తుంది. బలిపీఠం వెనక గోడలో, ఇటుకలు వదిలేసి కట్టిన సిలువ ఆకారపు కంత ఉంది. దానిలోంచి ఎండ నేలమీద పడేచోట కాసేపు కూర్చుని, లేచి పోతుంది.

"అవును మామ్మా. వానజల్లు కొడుతోందని కమిటీ కూడా మూసెయ్యమంది. అక్కడ రాయి పెట్టిస్తున్నాను."

"మూసీకండమ్మా. మీ కాళ్ళట్టుకుంటాను."

"నీకేం కష్టం? ఇది మీ గుడి కాదు కదా."

తన గొంతు తనకే కటువుగా వినిపించింది.

"కట్టమేటుంది తల్లీ. ఎండొచ్చినప్పుడు కూకుంటాను. అంతే."

"బయట బోలెడు ఎండ ఉంది, అమ్మమ్మా!" పైనుంచి మేస్త్రీ నవ్వాడు. "దీదీ, బంద్ కర్ దూఁ?"

"కానివ్వు భయ్యా. మావారి పేరు అక్కడే ఉండాలి."

జార్జి పోయి ఏడాది కాలేదు. అందరి కళ్ళూ పడేది ఆ గోడమీదే.

కన్నమ్మ ఆమెను తేరిపార చూసింది.

"మీ ఆయన పేరా, తల్లీ?"

"అవును."

"అయితే కట్టుకో."

ఎండ పడేచోటికి వెళ్ళి చతికిలబడింది. ఒక్కో ఇటుక పడుతుంటే నేలమీది వెలుగు తరిగింది. అది పూర్తిగా పోయేదాకా కూర్చుని, వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి రాలేదు.

రాయికి ప్రార్థన చేసే రోజున పక్క ఊరు చరోదా నుంచి సత్యప్రసాద్ గారిని కుర్చీలో మోసుకొచ్చారు. డ్యూటీ దిగి ఇటుకలు మోసి ఈ చర్చి కట్టినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కరే.

ఆయన రాయి మీది పేరు చదవలేదు.

"కంత ఏదమ్మా?"

"మూయించామండీ."

"కన్నమ్మ ఒప్పుకుందా?"

"కట్టుకోమంది. ఆవిడ మీకు తెలుసా? ఈమధ్య రావడం లేదు."

"నిన్న కబురొచ్చింది. పోయిందట."

డోర్కాస్ మూసిన గోడకేసి తిరిగింది.

"ప్లానులో ఆ కంత లేదమ్మా. ఆ గోడ కడుతూ మాలో ఒకడు పరంజా మీంచి పడి చనిపోయాడు. మన మతం కాదు, మనకోసం వచ్చినవాడు. వాడు పేర్చాల్సిన ఇటుకలు పేర్చడానికి మాకెవరికీ చేతులు రాలేదు. పాస్టరుగారు సిలువలా వదిలెయ్యమన్నారు."

నేలకేసి చూస్తూ అన్నారాయన:

"ఆ రోజు కింద నిలబడి మొగుడికి ఇటుకలు అందిస్తున్నది కన్నమ్మే."