మిగిలిన అగ్గిపెట్టె

"తిప్పు బాబాయ్! అవతలి గట్టుకి శత్రువు ట్యాంకులు వచ్చేశాయి!" కెప్టెన్ అరిచాడు.

బాబాయ్ వంతెనను పేల్చే పెట్టె పిడి పట్టుకున్నాడు గానీ తిప్పలేదు. ఆయన పిడి తిప్పితే కొండలు కూడా పక్కకి తప్పుకుంటాయని దళంలో కోతలు కోసేవాళ్లు.

"ఒకటి మిగిలింది సార్."

పేలుడు మందు కట్టడానికి వంతెనెక్కే ప్రతివాడూ తన అగ్గిపెట్టె బాబాయ్‌కి ఇచ్చి వెళ్లాలి, తిరిగొచ్చి తీసుకోవాలి. జేబు ఖాళీ అయ్యాకే ఆయన పిడి తిప్పేది. బాంబులకు సగం చితికినా ఇంకా నిలిచున్న ఈ వంతెన మీంచి అందరూ వచ్చారు, ఎవరిది వాళ్లు తీసుకున్నారు. అయినా జేబులో ఒకటి గలగలమంటోంది.

"అందరం నీ ఎదురుగానే ఉన్నాంగా! మతి గానీ పోయిందా?" అన్నాడు డ్రైవరు.

"ఇది మన పొట్టోడిదిరా. పోయిన వంతెన దగ్గర ఇచ్చాడు. అప్పుడూ సార్ ఇలాగే తొందరపెట్టారు, నేనూ తిప్పేశాను. వాడింకా రాలేదు."

ట్యాంకుల మోతకు కాళ్ల కింద ఇసుక జారుతోంది.

బీడీ పొగ వాసనకే ఆమడ దూరం పారిపోయే కెప్టెన్, బాబాయ్ ముందు మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాపాడు.

"వచ్చేశాను బాబాయ్. నా అగ్గిపెట్టె ఇచ్చెయ్."

బాబాయ్ ఆయన కళ్లలోకి చూశాడు. అగ్గిపెట్టె ఇచ్చి పిడి తిప్పాడు.

వంతెన ఏట్లో కూలింది. దుమ్ము అణగకముందే కెప్టెన్ పుల్ల గీసి, పొట్టివాడి ఎత్తుకు వంగి, పక్కన ఎవరికో అందిస్తున్నట్టు పట్టుకున్నాడు.

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. ఎవరో బీడీ ముట్టించి దమ్ము లాగినట్టు ఆ మంట ఓసారి పక్కకి సాగి, అప్పుడు ఆరింది.