తలుపు తట్టే మనిషి

"అమ్మగారూ, లేచారా?"

తెల్లారకముందే మళ్ళీ తలుపు మీద అదే తట్టుడు, అదే గొంతు. దుప్పట్లో మాల్సున్ పళ్ళు నూరుకుంది. పలికేదాకా పక్కగదిలో అద్దెకున్న మన్‌సిక్ కదలడు.

"లేచానయ్యా."

"పాపో?"

"అదీ లేచింది. ఇక వెళ్ళు."

వీడికి మా నిద్రతో ఏం పని?

సియోల్ కొండవాడలో నీళ్ళ పంపు దగ్గర పొరుగింటి దొక్‌సిమ్‌తో ఆ మాటే అంది.

"ఎంత మొద్దునిద్రో చూసుకుంటున్నాడక్కా" అంది దొక్‌సిమ్. "చేతిలో గిన్నె కూడా ఉంటుందన్నావుగా. మత్తుమందేమో. ఓ రోజు నీ కుట్టుమిషను మాయం."

"అది పోతే నేనూ పిల్లా అడుక్కుతినాలి."

"గది చూసేటప్పుడు బేరమైనా ఆడలేదా?"

"లేదే. నేలమీద బోర్లాపడి వాసన చూశాడు. నిన్న నేను బజారుకెళ్ళొచ్చేసరికి మా గదిలో నేలకు అంటించిన కాగితం ఓ మూల లేచి ఉంది. కింద తడిమట్టి."

"ఇంకేం, పాతిపెట్టిన బంగారం కోసమే."

మాల్సున్‌కు నవ్వు రాలేదు. ఇంట్లో మగదిక్కు లేదు. కిందటేడు చలికాలంలో, జలుబు చేసిన మొగుడికి గాలి తగలకూడదని కిటికీ బిగించింది తనే. గది వెచ్చగా ఉండాలని నేల కింద వెలిగించే పొయ్యిలోని బొగ్గు పొగ గదిలో చేరి, తెల్లారేసరికి అతను కళ్ళు తెరవలేదు. వీధంతా కిటికీ మాటే అంది. ఆ రోజునుంచీ పిల్ల చలికి ముడుచుకుపోతున్నా కిటికీ సందు ఉంచే పడుకుంటోంది. ఏం చేసినా మనసులో ఆ తప్పు మాత్రం అలాగే ఉంది.

మర్నాడు పిలుపు వినగానే మాల్సున్ పిల్ల నోటిమీద చెయ్యి పెట్టింది. రెండో చేతిలో బట్టలు బాదే కర్ర.

"అమ్మగారూ. పలకండమ్మా."

పలకలేదు. ఒక్క తోపుతో గొళ్ళెం ఊడిపడింది. కర్ర ఎత్తింది. మన్‌సిక్ కుట్టుమిషను వంక చూడనైనా లేదు. కిటికీ బార్లా తెరిచి, పిల్లను లాక్కుని, గిన్నె దాని నోటికి పట్టాడు. ముల్లంగి ఊరిన నీళ్ళు. బొగ్గు పొగ తగిలినవాళ్ళకు ఎవరైనా తాగించేది అవే.

"బతికే ఉన్నామయ్యా" అంది మాల్సున్, కర్ర దించి.

అతను కూలబడి ఏడ్చాడు. ఆమెకు సిగ్గేసింది.

"రోజూ లేపేది ఇందుకా? మామీద నీకెందుకయ్యా ఇంత బెంగ? కిటికీ మూసి మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని నేను."

"కిటికీది కాదమ్మా తప్పు. పొగ వచ్చింది ఆ మూల పగుళ్ళలోంచి. మొన్న పూడ్చేశాను."

"కాగితం కింద పగుళ్ళున్నాయని నీకెలా తెలుసు?"

మన్‌సిక్ తల ఎత్తలేదు.

"ఈ నేల వేసింది నేనే."